మండపం మళ్లీ లేచిందిరా

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ చిన్నా,

ఎట్లా ఉన్నావురా? ఫోన్‌లో చెప్తే సరిపోయేదే, కానీ ఇది రాయాలనిపించింది. పొద్దున వేయి స్తంభాల గుడికి పోయొచ్చాను. కల్యాణ మండపంలో గంటసేపు కూర్చున్నాను. మండపం పక్కన కాదు, లోపల!

నీకు గుర్తుందా, మనం చదువుకునే రోజుల్లో గుడికి పోతే నందికి అవతల మండపం ఉండాల్సిన చోట రాళ్ల కుప్పలే ఉండేవి. పునాది కుంగి స్తంభాలు ఒరిగిపోయాయని పురావస్తు శాఖ వాళ్లు 2006 ప్రాంతంలో మొత్తం విప్పేశారు. ఒక్కో రాయి మీద నంబరు వేసి వరసగా పేర్చారు. "ఇంక ఇది లేవదురా" అని నువ్వే అన్నావు. నేనూ అదే అనుకున్నా. చివరికి 2024 మార్చి 8న, శివరాత్రి నాడు తెరిచారు. అప్పటికి పద్దెనిమిదేళ్లు గడిచాయి. మన ఊళ్లో ఒక తరం పిల్లలు ఆ మండపాన్ని చూడకుండానే పెద్దవాళ్లయ్యారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం పునాది. కాకతీయులు గొయ్యి తవ్వి ఇసుక నింపి, దాని మీద అంత బరువు నిలబెట్టారు. రామప్పలోనూ అదే పద్ధతి. వినగానే భయమేస్తుంది, ఇసుక మీద గుడి ఏమిటని. మీ నాయనమ్మ వంటింటి మూలన ఇసుక పోసి, దాని మీద నీళ్ల కడవ పెట్టేది చూడు, కడవ ఎప్పుడైనా ఒరిగిందా? ఇసుక సర్దుకుని కడవ అడుగుకు అంటుకుపోయేది. ఇదీ అంతే. నాలుగు వైపులా కట్టడి ఉంటే ఇసుక ఎటూ జారదు. తడికి ఉబ్బదు, ఎండకు బీటలివ్వదు, బరువును సమంగా పంచుతుంది. మళ్లీ కట్టేటప్పుడు కూడా పునాదికి ఇసుకనే వాడారు. ఆ పాత మేస్త్రీల తెలివిని నమ్మినందుకు నాకు చాలా సంతోషమేసింది.

విరిగిపోయిన చోట కొత్త రాయి చెక్కి పెట్టారు. ఒక స్తంభం దగ్గర ఆగిపోయాను. పాత రాయి నల్లగా, నూనె రాసినట్టు నున్నగా ఉంది. దాని మీద పూసల వరస చెక్కారు. వరస సగంలో రంగు కొంచెం తేలిక పడింది, అక్కడి నుంచి కొత్తది. వేలితో తడుముతూ పోయాను. అతుకు తగిలింది గానీ పూస తప్పలేదు. ఎనిమిది వందల యేళ్ల కింద ఎవరో ఆపిన చోట ఈ కాలం శిల్పి అందుకున్నాడు. నిజం చెప్తున్నా, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గుడి దగ్గర శాసనం ముందు కూడా చాలాసేపు నిలబడ్డాను. 1163 నాటిది, సంస్కృతంలో అచింతేంద్రుడనే కవి రాసింది. చాళుక్యుల కింద సామంతులుగా ఉన్న కాకతీయులు ఇక స్వతంత్రులమని చాటుకున్నది రుద్రదేవుడి కాలంలోనే. అలాంటి రాజు శివుడికీ విష్ణువుకీ సూర్యుడికీ కలిపి ఒకే గుడి కట్టించాడు. మూడు గర్భగుళ్లు, నక్షత్రంలా కోణాలు తిరిగిన పీఠం. ఇప్పుడు పూజలు మాత్రం రుద్రేశ్వరుడికే, అంటే శివుడికే.

ఆ కాసేపట్లోనే ఓ చిన్నపిల్ల స్తంభాలు లెక్కపెడుతూ అటూ ఇటూ పరుగెత్తింది. నలభై దాటగానే మరిచిపోయి మళ్లీ మొదలు. మనమూ అంతే కదరా, ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక్కసారీ లెక్క తేలలేదు.

వచ్చే శివరాత్రికి సెలవు పెట్టు. పాపను తీసుకురా. కాజీపేటలో దిగగానే ఫోన్ చెయ్, బండి తీసుకుని వస్తా. ఆ పూసల స్తంభం ఎక్కడుందో చెప్పను, పాపనే వెతకనీ.

నీ
బుజ్జి