టీబీ జీనోమ్ ల్యాబ్‌కు యంత్రం ఒక్కటే చాలదు

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. క్షయ (టీబీ) బ్యాక్టీరియా జీనోమ్ చదివే యంత్రం, అంటే సీక్వెన్సర్, కొనే ముందు, దాన్ని నడిపే శాస్త్రవేత్తల పోస్టుల సంగతి తేల్చమని మా మనవి.

క్షయ బ్యాక్టీరియా జీనోమ్‌లో, అంటే దాని మొత్తం డీఎన్‌ఏలో, సుమారు 44 లక్షల అక్షరాలున్నాయి. 1998లో తొలిసారి మొత్తం చదివారు. ఒక్కో అక్షరాన్ని సగటున 50 సార్లు చదివితే ఒక నమూనాకు 22 కోట్ల అక్షరాల డేటా. అది యంత్రం చేసే పని. కష్టమంతా దానికి ముందూ వెనకా ఉంది. ఈ సూక్ష్మజీవి గోడ మైనపు కొవ్వులతో నిండి ఉంటుంది, డీఎన్‌ఏ తీసే మామూలు కిట్‌కు లొంగదు. కల్చర్‌ను, అంటే ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియాను, వేడితో చంపి, సన్నటి గాజుపూసలతో కుదిపి పగలగొట్టాలి. ఎక్కువ కుదిపితే డీఎన్‌ఏ తునకలైపోతుంది, తక్కువైతే చేతికే రాదు. తర్వాత పీఈ, పీపీఈ అనే రెండు జన్యు కుటుంబాల తలనొప్పి. ఒకదాన్నొకటి పోలిన ఇవి జీనోమ్‌లో దాదాపు పదో వంతు. యంత్రం చదివిన పొట్టి డీఎన్‌ఏ ముక్కలు (రీడ్‌లు) అక్కడ తప్పుచోట అతుక్కుని, లేని మార్పులు చూపిస్తాయి. వాటిని వడకట్టాల్సింది మనిషే.

క్షయ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చెప్పే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష, అందుకోసం ఆర్‌పీఓబీ జన్యువులో 81 అక్షరాల భాగాన్నే చూస్తుంది. ఆ భాగానికి బయట, 491వ కోడాన్‌లో (మూడక్షరాల మాటలో) వచ్చే మార్పు దానికి అందదు; మొత్తం జీనోమ్ చదివితే కనిపిస్తుంది. అది తెలియక రోగి పనిచేయని రిఫాంపిసిన్ మింగుతూనే ఉంటాడు.

ఏడాదికో కాంట్రాక్టుతో ఈ నేర్పు నిలవదు. ల్యాబ్‌కు కనీసం ఇద్దరిని, బెంచ్ పనికి ఒకరిని, డేటా విశ్లేషణకు ఒకరిని, ఐదేళ్లకు తక్కువ కాకుండా నియమించండి. రీఏజెంట్లకు, ముడి డేటా దాచే సర్వర్‌కు విడి పద్దు పెట్టండి. సీక్వెన్సర్‌లో నమూనా పోసే ఫ్లోసెల్‌కు గడువు తేదీ ఉంటుంది, టెండర్ ఫైలుకే ఉండదు!

ఇట్లు,
క్షయ జీనోమిక్స్ పరిశోధకులు