ఓడ కోసం ఎదురుచూసేవాడికి ఒక మంచం: నౌకాయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఓడరేవులు, నౌకాయాన శాఖ మంత్రి గారికి,

మా తమ్ముడిని చూడటానికి ముంబై వెళ్లినప్పుడు రీగల్ సినిమా దగ్గర ఒక పెద్ద రాతి భవనం ముందు ఆగాను. మహారాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం అది. పైన ముఖభాగంలో మాత్రం సముద్ర దేవుడు నెప్ట్యూన్ శిల్పం! పోలీసులకీ సముద్రానికీ ఏం సంబంధమా అనుకున్నాను. అది ఒకప్పుడు నావికుల సత్రమని తర్వాత తెలిసింది. పేరు రాయల్ ఆల్ఫ్రెడ్ సెయిలర్స్ హోమ్. 1870లో పునాదిరాయి పడింది, 1876కి పూర్తయింది. బరోడా మహారాజు ఖండేరావు గైక్వాడ్ 2 లక్షల రూపాయలు విరాళమిచ్చారు.

అప్పట్లో ఓడ దిగిన నావికుడికి నెలల జీతం ఒకేసారి చేతికొచ్చేది. రేవు పక్కనే సారా కొట్టు, అక్కడే అద్దె గది. కొద్దిరోజుల్లోనే జేబు ఖాళీ, పైగా అప్పు. అది తీరాలంటే గది యజమాని చూపించిన ఓడే ఎక్కాలి. శుభ్రమైన మంచం, వేళకు భోజనం, జీతం దాచుకునే చోటు ఇస్తే ఈ ఉచ్చు తెగుతుందని సెయిలర్స్ హోమ్‌లు కట్టారు.

కానీ ముంబై హోమ్ ప్రధానంగా యూరప్ నావికుల కోసమే. మన లస్కర్లు, అంటే విదేశీ ఓడల్లో పనిచేసిన మన నావికులు, ఓడ దొరికేదాకా సరంగులు (వాళ్లను పనిలో పెట్టే మేస్త్రీలు) చూపిన గదుల్లో, వాళ్లిచ్చిన అప్పు మీద బతికారు. లండన్‌లో దిగినవాళ్లయితే చలికి, ఆకలికి వీధుల పాలయ్యారు. వాళ్ల కోసం 1857లో అక్కడి రేవు ప్రాంతం లైమ్‌హౌస్‌లో స్ట్రేంజర్స్ హోమ్ తెరిచారు. దానికి పంజాబ్ చివరి సిక్కు మహారాజు దులీప్ సింగ్ 500 పౌండ్లు ఇచ్చారు.

మా తమ్ముడు సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) పట్టుకుని మొదటి ఓడ కోసం ముంబైలో అయిదు నెలలున్నాడు. ఒక్క గదిలో పదకొండు మంది. వంతులేసుకుని పడుకునేవాళ్లు. గోడకి వరసగా మేకులు, మేకుకొక బ్యాగు. సర్టిఫికెట్ల ఫైలు ఎవరైనా తీస్తారేమోనన్న టెన్షన్‌తో వాడు దాన్ని తలకింద పెట్టుకునేవాడు. ఏజెంటు ప్రతిసారీ "వచ్చే వారం" అనేవాడు. అద్దె మాత్రం ఏ వారమూ ఆగలేదు. అమ్మ ఫోన్ చేస్తే "హాస్టల్లో ఉన్నానమ్మా" అని అబద్ధం చెప్పేవాడు.

పోలీసులు ఆ భవనం ఖాళీ చేయాలని నేను అడగడం లేదు. దాని గోడ మీద ఆ చరిత్ర చెప్పే ఒక ఫలకం పెట్టించండి. అంతకన్నా ముఖ్యంగా, ఓడ కోసం ఎదురుచూసే కుర్రాళ్లకు ముంబైలో ఒక ప్రభుత్వ వసతిగృహం కట్టించండి. తక్కువ అద్దె, ఒక మంచం, తాళం వేసుకునే పెట్టె చాలు. మన దేశం 2015లో ఆమోదించిన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం రేవుల్లోని సంక్షేమ వసతులు జాతి, రంగు, మతం చూడకుండా నావికులందరికీ అందాలంటోంది. ఇంకా ఓడ ఎక్కనివాడిని కూడా ఆ లెక్కలో కలపమని నా మనవి.

తమ్ముడి కాంట్రాక్టు అయిపోవస్తోంది. తర్వాతి ఓడ కోసం మళ్లీ ముంబై వెళ్తే, ఇప్పటికైతే వాడికి ఆ గదే గతి.

ఇట్లు,
ఒక నావికుడి అక్క