పంక్చరైన బస్సు, పక్క సీటాయన

తిరుపతి,
అక్టోబర్ 6, 2025

ఒరేయ్ సుబ్బూ,

ఆలస్యానికి తిట్టుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను, కావాలంటే కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తా. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. చిన్నదానికి సెలవులు అయిపోయాయి. బ్రహ్మోత్సవాల జనానికి పది రోజులు బండి బయటికి తీయలేదు. ఇక అసలు సంగతి.

సెప్టెంబర్ 26న చిత్తూరు నుంచి వస్తున్నా. పాకాల దాటాక బస్సు టైరు పంక్చర్. స్టెప్నీలోనూ గాలి లేదు (నవ్వకు, తలకోన నాకూ గుర్తొచ్చింది). చింతచెట్టు కింద చేరాం. నా పక్క సీటాయన ఫోన్ చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇంట్లో ఎవరైనా పోయారేమోనని భయపడుతూ అడిగా.

"మిగ్ 21 వెళ్లిపోయింది నాయనా" అన్నాడు.

ఆరోజే చండీగఢ్‌లో దానికి వీడ్కోలు. 1963లో వచ్చిన యుద్ధవిమానం, 62 ఏళ్లు! ఈయన వాయుసేనలో ఇరవై ఏళ్లు దాని ఇంజిన్ల దగ్గరే పనిచేశాడట. "నేను చేరింది 1984లో. దీని బదులు మన సొంత విమానం, అదే తేజస్, చేసుకోవాలని ముందటేడే అనుమతి ఇచ్చారు. నా సర్వీసులోనే దాని మీద చెయ్యి వేస్తాననుకున్నా. అది మొదటిసారి ఎగిరేసరికి 2001. నేను 2004లో పెట్టె సర్దుకుని వచ్చేశా. తేజస్ వాయుసేనలో చేరింది 2016లో!"

నేను ఊరుకోవచ్చు కదా? "మనవాళ్లకు ప్లానింగ్ రాదు సార్" అన్నా. తగులుకున్నాడు చూడు! ఆయనకు ఐదెకరాల తోతాపురి తోట.

"మామిడి నాటేటప్పుడు ఏం చూస్తావు? ఆ ఏటి ధర. కాపుకొచ్చేది ఐదారేళ్లకు. అప్పటికి గుజ్జు ఫ్యాక్టరీవాడు కాయ వద్దంటే? మొన్న జూన్‌లో చూశాం కదా."

విమానమూ అంతేనట. కాగితం మీద గీసింది గాల్లోకి లేచేసరికి యుద్ధమే మారిపోతుంది. మొన్న మే నెలలో సరిహద్దు దాటి గుంపులుగా డ్రోన్లొచ్చాయే, 1983లో ఎవరు ఊహించారు? అందుకని నాటడం మానేస్తామా? తోటంతా ఒకే రకం పెట్టకూడదు, బావి మాత్రం సొంతది ఉండాలి అన్నాడు. బావి అంటే ఇంజిన్. మన కావేరి ఇంజిన్ బలం తేజస్‌కు చాలలేదు, అమెరికాది పెట్టుకున్నాం. 2021లో 83 కొత్తరకం తేజస్‌లకు ఆర్డరిస్తే ఆ ఇంజిన్లే ఆలస్యంగా వచ్చాయి. మిగ్ వెళ్లే ముందురోజే ఇంకో 97కి సంతకాలు. "పక్కింటి మోటారుతో తోట తడుపుతున్నాం" అన్నాడు. ఉండాల్సిన స్క్వాడ్రన్లు, అంటే యుద్ధవిమానాల దళాలు 42, మిగిలినవి 29.

నాకెందుకో కోపం వచ్చింది. ఆ పాత మిగ్‌లు ఎంతమంది కుర్ర పైలట్లను పొట్టన పెట్టుకున్నాయి, వాటి కోసం ఏడుస్తారేంటి అనేశా. అనకూడదురా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పొద్దున నేను చూసి సంతకం పెట్టి పంపింది సాయంత్రానికి రాకపోతే..." అని ఆపేశాడు. ఇంతలో కండక్టర్ కేకేశాడు.

చంద్రగిరిలో దిగుతూ నా చేతిలో ఇంత మామిడి తాండ్ర పెట్టాడు. పేరు కూడా అడగలేదు నేను. తాండ్ర నీకు పంపేవాణ్ణే, కానీ చీమల కథ నీకు తెలుసు.

నువ్వు వాయుసేన కళ్ల పరీక్షలో పోయి ఇంటికొచ్చిన రోజు నేను నవ్వాను కదా సుబ్బూ. ఆరోజు నిజానికి నేను... సరే, అది మళ్లీ రాస్తా. పోస్టాఫీసు మూసేస్తారు. ఉంటా.

నీ,
రెండో బెంచీ