మా ఆయుష్షు మీద కట్టిన లెక్క మాకూ చూపించండి

సంపాదకుల వారికి,

గుత్తి డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి 2010లో రిటైరయ్యాను. అప్పుడు పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసుకుని (నెలనెలా వచ్చే ఆ భాగాన్ని 15 ఏళ్లు వదులుకుని, బదులుగా ఒకేసారి డబ్బు తీసుకుని), వచ్చిన డబ్బుతో కూతురి పెళ్లి అప్పు తీర్చాను. 15 ఏళ్లు నిండి 2025లో ఆ కోత ఆగింది. ఆ సందర్భంగా ట్రంకుపెట్టెలోని కాగితాలు తిరగేస్తుంటే ఒక అంకె కనిపించింది: 8.194. వదులుకున్న నెల పెన్షన్‌ను 12తో గుణించి, మళ్లీ ఈ అంకెతో గుణిస్తే చేతికొచ్చే మొత్తం. అంటే దాదాపు 98 నెలల డబ్బు ముందే ఇచ్చి 180 నెలలు కోశారు. సంతకం పెట్టించుకున్న గుమాస్తాను ‘ఇది యాడిది సార్’ అనడిగితే ‘పట్టికలో ఉంది’ అన్నాడు, అంతే.

ఎల్‌ఐసీ 1994-96 మరణాల పట్టిక (ఏ వయసులో ఎంతమంది పోతారో చూపేది) ముందు పెట్టుకుని, 8 శాతం వడ్డీ అనుకుని తేల్చిన అంకె అని తర్వాతెప్పుడో తెలిసింది. వడ్డీ తక్కువ అనుకుని ఉంటే మాకు ఇంకాస్త ఎక్కువ వచ్చేది. లెక్క తప్పని అనను. నేనెన్నేళ్లు బతుకుతానో కట్టిన లెక్క నాకే చెప్పలేదే అన్నది బాధ.

మా అబ్బాయి 2009లో చేరి గుంతకల్లు డివిజన్‌లో ట్రాక్‌మన్‌గా ఉన్నాడు. 2004 తర్వాత చేరాడు కాబట్టి ఎన్‌పీఎస్ (జీతంలోంచి కోసి మార్కెట్లో పెట్టే పెన్షన్ పద్ధతి; ఇంత వస్తుందన్న హామీ ఉండదు). 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (పెన్షన్ ఇంతని హామీ ఇచ్చే పద్ధతి) వచ్చింది; ఎన్‌పీఎస్‌లోని వాళ్లు కోరుకుంటే దానికి మారొచ్చన్నారు. 25 ఏళ్లు చేస్తే ఆఖరి 12 నెలల బేసిక్ సగటులో సగం పెన్షన్. జీతంలో ఉద్యోగిది 10 శాతం, సర్కారుది 10, అదికాక ఉమ్మడి నిధికి (అందరి పెన్షన్ హామీకి కలిపి పెట్టే నిధి) సర్కారే 8.5 శాతం వేస్తుంది. సగం పెన్షన్ అన్న మాట నిలబడాలంటే ఆ 8.5 మీదే భారం. వడ్డీ ఎంత అనుకున్నారు? జీతాలు ఎంత పెరుగుతాయనుకున్నారు? మే నెల ఎండలో పట్టాలు తనిఖీ చేస్తూ నడిచే కీమన్ ఆయుష్షునూ, ఫ్యాను కింద కూర్చునేవాడి ఆయుష్షునూ ఒకే తక్కెడలో వేశారా?

‘నాయనా, ఏ దాంట్లో ఉంటే మేలు’ అని మావాడు ఆప్షన్ ఫారం నా ముందు పెట్టినాడు. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగలను గానీ, దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అమెరికాలో రైల్వే కార్మికుల రిటైర్మెంట్ బోర్డు మూడేళ్లకోసారి యాక్చురీలతో (ఆయుష్షు, వడ్డీ లెక్కలు కట్టే నిపుణులతో) నిధిని మదింపు చేయించి బయటపెడుతుంది. రైల్వేలో ఉద్యోగాలు కాస్త తగ్గితే ఎట్లా, బాగా తగ్గిపోతే ఎట్లా అని వేర్వేరు లెక్కలు అందులో ఉంటాయి. ఇక్కడ కూడా ఉమ్మడి నిధి మదింపును, అందులో వాడిన ఆయుష్షు పట్టికతో, వడ్డీ అంచనాతో సహా తెలుగులో వేసి ప్రతి షెడ్డులో, ట్రాక్ పనివాళ్లుండే ప్రతి గ్యాంగు హట్‌లో గోడకు అంటించాలని రైల్వే పెద్దలను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఫిట్టర్,
గుత్తి, అనంతపురం జిల్లా