పడమటి గోడ గురించి మా కస్టమర్లకు ఒక మాట

ఖమ్మంలో మా చేత ఇల్లు కట్టించుకున్నవాళ్ల కోసం, దసరా తర్వాత పని మొదలుపెట్టమని అడ్వాన్సు ఇచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వేడి, గాలి విషయంలో మేం రెండు ఇళ్లలో తప్పు చేశాం. అందుకే కట్టే పద్ధతీ, కొటేషన్ ఇచ్చే పద్ధతీ మారుస్తున్నాం. ఏం జరిగిందో, ఏం మారుస్తున్నామో మీరు మా నోటితోనే వినాలి.

మొదటిది ఒక రిటైరైన టీచరమ్మ గారి ఇల్లు. 150 గజాల స్థలం. పడకగది కాస్త పెద్దగా రావాలని ఆవిడ అడిగితే, పడమటి గోడను తొమ్మిది అంగుళాలు కాకుండా నాలుగున్నర అంగుళాలతో లేపాం. బరువంతా పిల్లర్లు మోస్తాయి కాబట్టి బలానికి ఢోకా లేదని నేనే చెప్పాను. అది నిజమే. కానీ ఎండ సంగతి ఆలోచించలేదు. రోహిణి కార్తెలో ఒక రాత్రి ఫోన్ చేసి, "బాబూ, గోడకు వీపు ఆనించలేకపోతున్నాను, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. వెళ్లేసరికి తొమ్మిదైంది. మంచం తలాపు ఆ గోడకే ఉంది. అరచెయ్యి పెట్టి చూశాను. పొయ్యి మీంచి దింపి కాసేపైన అన్నం గిన్నెను తాకినట్టుంది. ఆవిడ వరండాలో చాప వేసుకుని పడుకుంటున్నారు. కొత్త ఇంట్లో సొంత గది ఉండగా బయట పడుకోవాల్సి వచ్చిందంటే ఆ తప్పు నాది.

ఎండ మన ఊళ్లో ఎలా తిరుగుతుందో చూస్తే ఇది ముందే తెలియాలి. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సైటులో నిలువుగా పాతిన ఇనుప చువ్వకు నీడే పడదు. సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు. ఆ తర్వాత కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. అంటే ఎండలు మండే రోజుల్లో దక్షిణపు గోడ మీద మధ్యాహ్నం ఎండ దాదాపు ఉండదు. దెబ్బంతా స్లాబు మీదా, సాయంత్రం పడమటి గోడ మీదా పడుతుంది. పైనుంచి వచ్చే ఎండను సజ్జ ఆపుతుంది, నాలుగింటికి ఏటవాలుగా వచ్చే ఎండను ఆపలేదు.

తొమ్మిది అంగుళాల గోడ కట్టినంత మాత్రాన సమస్య తీరిపోదు. ఇటుక గోడ ఎండను తాగి, ఆరేడు గంటల తర్వాత లోపలికి వదులుతుంది. నాలుగింటికి తాగిన వేడి పదింటికి, పదకొండింటికి, సరిగ్గా మనం పడుకునే వేళకు బయటికొస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడైతే ఇంకా ముందే, ఇంకా ఎక్కువగా వదులుతుంది. పాల్వంచ థర్మల్ కేంద్రం బూడిదతో చేసే ఇటుక వాడితే చల్లగా ఉంటుందా అని చాలామంది అడుగుతున్నారు. వేడి విషయంలో దానికీ ఎర్ర ఇటుకకూ మీరు గుర్తుపట్టేంత తేడా ఉండదు. తేడా వచ్చేది ఏఏసీ బ్లాకుతో, అంటే లోపలంతా సన్నటి గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మతో. ఎనిమిది అంగుళాల ఏఏసీ గోడలోంచి వచ్చే వేడి, తొమ్మిది అంగుళాల ఇటుక గోడతో పోలిస్తే సుమారు మూడో వంతే. కానీ అది నీళ్లు బాగా పీలుస్తుంది, కాబట్టి బాత్రూమ్ గోడలకు నేను వాడను. పిల్లరూ బ్లాకూ కలిసే చోట మెష్ (జాలీ) కొట్టకుండా ప్లాస్టరింగ్ చేస్తే ఏడాది తిరక్కుండానే పగుళ్లు వస్తాయి.

ఎర్ర ఇటుకే కావాలనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడిలో ఇటుకను పక్కకు నిలబెట్టి కడతారు. గోడ తొమ్మిది అంగుళాలే ఉంటుంది కానీ మధ్యలో ఖాళీ వస్తుంది, ఇటుకలు నాలుగో వంతు దాకా మిగులుతాయి. మా మేస్త్రీల్లో ఇద్దరికి ఇప్పుడే చెయ్యి తిరుగుతోంది. కరెంటు పైపులు ఎక్కడ వస్తాయో గోడ లేపకముందే తేల్చుకోవాలి, తర్వాత గోడ కొట్టడం కుదరదు.

రెండో ఇల్లు వైరా రోడ్డులో ఉంది. అక్కడ మేం చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేడి రాకూడదని గోడలన్నిటికీ లోపలివైపు రెండంగుళాల థర్మకోల్, దాని మీద బోర్డు బిగించాం. ఏసీ ఉంది కదా అని వెంటిలేటర్లు పెట్టలేదు, ఫాల్స్ సీలింగ్‌తో పైభాగం మూసేశాం. వేసవి హాయిగా గడిచింది. శ్రావణంలో ఆ ఇంటివాళ్లు అల్మరా తెరిచి చూపించారు. వెనకవైపు నల్లటి బూజు, పట్టుచీరలకు ముక్కిపోయిన వాసన. ఒక చీర అంచు పొడవునా చుక్కలు చుక్కలుగా మరకలు పడ్డాయి.

బోర్డు విప్పితే కారణం కనిపించింది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని, ప్లాస్టరింగ్ అయిన రెండు వారాలకే బోర్డు కొట్టేశాం. కొత్త గోడలో నీళ్లు చాలా ఉంటాయి. ఇటుక నానబెట్టిన నీళ్లు, సిమెంటులో కలిపినవి, క్యూరింగ్‌కు కొట్టినవి అన్నీ ఆరడానికి నెలలు పడుతుంది. ఆ చెమ్మను గోడలోనే బంధించాం. వంటింటి ఆవిరి, స్నానాల ఆవిరి, లోపల ఆరేసిన బట్టల తడి పోవడానికి కూడా దారి లేదు.

గాలి గురించి మేం వేసుకున్న లెక్క చెప్తాను, మీరు మీ ఇంట్లో కొలుచుకోండి. 12 అడుగులకు 11 అడుగుల గది అంటే 132 చదరపు అడుగులు. నాలుగుకు నాలుగు కిటికీ పెడితే 16 అడుగులు వచ్చిందనుకుంటాం. కానీ స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. గాలి వచ్చేది ఎనిమిది అడుగుల్లోంచే, అంటే గదిలో ఆరు శాతం. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి, ఎకో నివాస్ సంహిత ప్రకారం తెరుచుకునే భాగం, ఇంటి మొత్తం మీద, హైదరాబాద్ లాంటి వాతావరణంలో 12.5 శాతం, కోస్తా లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో 16.66 శాతం ఉండాలి. పాతకాలపు చెక్క తలుపుల కిటికీ పూర్తిగా తెరుచుకునేది. దోమల మెష్ వేస్తే వచ్చే గాలిలోనూ కొంత తగ్గుతుంది.

అందుకే ఇకనుంచి పడకగదులకు రెక్కలు పూర్తిగా తెరుచుకునే కిటికీలే ఇస్తాం. కిటికీకి ఎదురుగా గాలి పోయే దారి, స్లాబు కింద గ్రిల్లుతో వెంటిలేటర్ తప్పనిసరి. వెంటిలేటర్ పై అంచు కన్నా కిందికి ఫాల్స్ సీలింగ్ దించం. మే నెలలో పగలు వడగాలి కాబట్టి కిటికీలు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరవాలి. దొంగల భయంతో రాత్రి కిటికీ తెరవలేని ఇంట్లో ఈ వెంటిలేటరే వేడిని బయటికి పంపుతుంది.

డబ్బు తక్కువగా ఉంటే ముందు స్లాబు మీద పెట్టండి. నాలుగు గోడలకూ ఇన్సులేషన్ వేయించమని అడిగినా నేను ముందు ఇదే చెప్తాను. స్లాబు పైన ఫోమ్ షీటు, దాని మీద కాంక్రీటు పొర, ఆపైన తెల్ల చైనా మొజాయిక్ (పింగాణీ టైల్ ముక్కలు) వేస్తే వేడి స్లాబులోకి దిగకముందే ఆగుతుంది. కింద ఫాల్స్ సీలింగ్ కొడితే స్లాబు మాత్రం కాలుతూనే ఉంటుంది. ఆ తర్వాత పడమటి గోడ. మిగతా మూడు గోడలకు తొమ్మిది అంగుళాల ఇటుక చాలు.

టీచరమ్మ గారి గోడకు బయటివైపు ఫోమ్ షీటు, మెష్, ప్లాస్టరింగ్ చేసి తెల్ల రంగు వేశాం, రెండు వెంటిలేటర్లు తెరిచాం. ఆవిడ ఇప్పుడు లోపలే పడుకుంటున్నారు. వైరా రోడ్డు ఇంట్లో బోర్డు మొత్తం తీసేశాం. వచ్చే వేసవి దాటి గోడలు ఆరాకే మళ్లీ ఆలోచిస్తాం. రెండు ఇళ్ల ఖర్చూ మాదే, పాడైన చీరలతో సహా.

కొత్త కొటేషన్లలో స్లాబు, పడమటి గోడ, కిటికీలు వేరువేరు లైన్లుగా ఉంటాయి. మొత్తం మునుపటికన్నా పెరుగుతుంది. అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత రేటుకే చేస్తాం, ఆ తేడా మేమే భరిస్తాం. ప్లాస్టరింగ్ తర్వాత రెండు నెలలు గోడకు బోర్డు, వాల్‌పేపర్ ఏదీ వేయం. కాబట్టి ముహూర్తం పెట్టించే ముందు నాకు ఒక ఫోన్ చేయండి.

మా యార్డులో పడమటి ఎండకు ఎదురుగా రెండు గోడలు కట్టి ఉంచాను, ఒకటి ఇటుకది, ఒకటి బ్లాకుది. రెండింటికీ ఒకే ప్లాస్టరింగ్, ఒకే రంగు. రాత్రి ఎనిమిది తర్వాత వచ్చి వెనకవైపు చెయ్యి పెట్టి చూడండి. తొమ్మిదిన్నర దాకా నేను అక్కడే ఉంటాను.