మరమ్మతు తర్వాత మళ్లీ మొదటి నుంచి

సంపాదకుల వారికి,

డ్రైవర్ లేని వాహనాల పోటీలపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం సెన్సర్ల గురించీ, సాఫ్ట్‌వేర్ గురించీ చక్కగా వివరించింది గానీ, పోటీకి ముందు బండిని గంటల తరబడి ఆపకుండా నడిపి చూసే మన్నిక పరీక్షను ఒక్క వాక్యంతో సరిపెట్టింది. గెలుపోటములు చాలావరకు తేలేది అక్కడే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2005 అక్టోబరులో అమెరికాలోని మొహావీ ఎడారిలో ఆ దేశ రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా నిర్వహించిన 212 కిలోమీటర్ల పోటీలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల వాహనం సుమారు 15 కిలోమీటర్ల దగ్గరే నిలిచిపోయింది. దాటివచ్చిన అడ్డంకుల వివరాలు కంప్యూటర్ మెమరీ నుంచి తొలగిపోకుండా పేరుకుపోవడమే అందుకు కారణం. పది నిమిషాల పరుగులో ఇలాంటి లోపం జాడైనా తెలియదు. అదే పోటీలో ముందంజలో ఉన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి వాహనం హైలాండర్, ఎత్తులు ఎక్కడానికి ఇంజిన్ సత్తువ చాలక, విజేతగా నిలిచిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి వాహనం స్టాన్లీ కంటే సుమారు 20 నిమిషాలు వెనకబడి మూడో స్థానంలో నిలిచింది. ఇంజిన్ కంట్రోలర్‌కూ ఇంధన ఇంజెక్టర్లకూ మధ్య ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ ఫిల్టర్ పాడైందనీ, దాన్ని నొక్కితే చాలు ఇంజిన్ మందగిస్తుందనీ 2017లో గానీ బయటపడలేదు. పోటీకి కొన్ని వారాల ముందు పరీక్షలో ఆ వాహనం బోల్తా పడినప్పుడే ఆ ఫిల్టర్ దెబ్బతిని ఉంటుందని భావిస్తున్నారు.

ఈ రెండో ఉదాహరణే నాకు ముఖ్యం. వంగినదాన్ని సరిచేసి, పగిలినదాన్ని మార్చి, బండి కదిలింది కదా అని ఊరుకుంటే, కంటికి కనబడని దెబ్బ లోపలే ఉండిపోతుంది. సర్క్యూట్‌లో లోహం కరిగించి వేసిన సోల్డర్ అతుకులోని సన్నని చీలిక గానీ, కాస్త వదులైన కనెక్టర్ గానీ చల్లగా ఉన్నంతసేపూ సక్రమంగానే పనిచేసి, ఇంజిన్ వేడీ దారి కుదుపులూ గంటల తరబడి తగిలాకే మొరాయిస్తుంది. కాబట్టి మరమ్మతు జరిగినా, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను మారినా, అంతకుముందు నడిచిన గంటలను లెక్కలోంచి తీసేసి పరీక్షను మళ్లీ మొదటి నుంచి చేయాలి. పోటీ ముందురోజు రాత్రి "ఈ ఒక్కటీ మారిస్తే చాలు" అనని జట్టు ఉండదనుకోండి. ఆ మార్పును ఆపవలసింది నిబంధనే.

అర్హతకు చిన్న వీడియో పంపితే సరిపోయే పోటీలు ఉన్నాయి. దానికి బదులు, చివరి మార్పు తర్వాత అసలు పోటీకి పట్టేంత సమయం వాహనం నిరాటంకంగా నడిచినట్టు చూపే లాగ్ ఫైలును (వాహనంలోని కంప్యూటర్ తనంతట తాను రాసుకునే నమోదును) నిర్వాహకులు అడగాలని నా మనవి. కంప్యూటర్ ఉష్ణోగ్రత, మెమరీ వాడకం, బ్యాటరీ వోల్టేజీతో పాటు మనిషి కలగజేసుకున్న ప్రతి సందర్భమూ అందులో నమోదై ఉండాలి. విద్యార్థి జట్లకు అంత సమయం ఎక్కడిదన్న అభ్యంతరం న్యాయమైనదే గనుక, ట్రాక్‌ను పోటీకి కనీసం రెండు వారాల ముందే జట్లకు తెరిచి ఉంచాలి.

భవదీయుడు,
ఒక ఇంజినీరింగ్ అధ్యాపకుడు