సీమకు వచ్చేటప్పుడు ఏ ఊళ్లో, ఏ వేళకు తినాలి

ప్రొద్దుటూరు

ప్రియమిత్రుడు రామ్మోహన్‌కు,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతికి ముందు వచ్చే సెలవుల్లో చెల్లెమ్మను, పిల్లలను వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి కారులో బనగానపల్లె మీదుగా గండికోటకు వస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. కోట గురించి గానీ గుహల గురించి గానీ ఒక్క ముక్కయినా అడగకుండా, దారి పొడవునా ఎక్కడెక్కడ తినాలో మాత్రమే రెండు పేజీలు రాశావు చూడు, నువ్వేమీ మారలేదని నాకు నిశ్చయమైంది.

నీకు నాలుగు హోటళ్ల పేర్లు రాసి పంపడం నాకు క్షణంలో పని. కానీ మా వైపు చిన్న ఊళ్లలో హోటలు పేరును నమ్ముకున్నవాడికన్నా వేళను నమ్ముకున్నవాడే కడుపునిండా తింటాడు. పొద్దున దొరికేది పదిన్నర దాటితే కంటికి కనబడదు, మధ్యాహ్నం వండింది మూడింటికల్లా అడుగంటుతుంది, సాయంత్రం వెలిసే బండి పగలంతా ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. రోజులో ఏ గంటకైనా ఏది అడిగినా తెచ్చిపెట్టే చోట్లు జాతీయ రహదారి పక్కన అద్దాల గదుల్లో ఉన్నాయి. అక్కడ పన్నీరు బటర్ మసాలా తినడానికే అయితే నువ్వు కృష్ణ దాటి రానక్కరలేదు.

ఇంటి దగ్గర తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే తొమ్మిదిలోపే కర్నూలు చేరతావు. పిల్లలు ఆకలని గోలపెట్టినా దారిలో బిస్కెట్లతో సరిపెట్టి, ఊళ్లోకి వచ్చి కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల పాత వీధుల్లో చిన్న టిఫిన్ అంగడి ఏదైనా చూసుకుని ఉగ్గాని, బజ్జి అడుగు. బొరుగులను నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసిన పోపులో కలిపి, పైన పుట్నాల పప్పుల పొడి చల్లుతారు. చెప్పడానికి ఇంతే, కానీ మీ మరమరాలతో ఇంట్లో చేసి చూస్తే అది ముద్దయిపోతుంది. మా బొరుగులు బరువైనవి, గట్టివి కాబట్టి నానినా గింజకు గింజ విడిగా నిలబడతాయి. బజ్జీని పక్కన పెట్టుకుని చివర్లో తినేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. ఒక ముక్క కొరికి, ఆ కారం నాలుక మీద ఉండగానే ఒక పిడికెడు ఉగ్గాని నోట్లో వేసుకోవాలి. ఆదోని, గుంతకల్లు, అనంతపురం వైపు వెళ్లినా పొద్దున ఇదే పలహారం. బళ్లారి వాళ్లు ఇది తమదని వాదిస్తారు, ఆ తగాదాలోకి నువ్వు దిగవద్దు.

బనగానపల్లెలో తిండికోసం ఆగవలసిన పని లేదు. ఆ ఊరి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది నిజమే, కానీ జనవరిలో వచ్చి మామిడిపండు అడిగితే ఊరివాళ్లు నవ్వుతారు. యాగంటి చూసుకుని నేరుగా బెలుం గుహలకు వెళ్లు. ఆ గుహలు 3,229 మీటర్ల పొడవున ఉన్నా, మనల్ని నడవనిచ్చేది కిలోమీటరున్నర మేరకే. లోపల ఉక్కకు చొక్కా తడిసిపోతుంది కాబట్టి భోజనం చేసి మాత్రం దిగకు. ఒంటిగంటకల్లా పైకి వచ్చి జమ్మలమడుగు దారి పట్టు.

ఈ ప్రయాణంలో అసలు భోజనం జమ్మలమడుగులోనే, రాగి సంగటి. అక్కడ నాకు తెలిసిన మెస్సు ఒకటి ఉంది, బోర్డు కూడా సరిగ్గా కనబడదు. ఆ ఇల్లాలు బియ్యం మెత్తగా ఉడికాక పైన రాగిపిండి పోసి, కలపకుండా ఆవిరి మీద కాసేపు మగ్గనిచ్చి, తర్వాత గిన్నెను రెండు కాళ్ల మధ్య బిగించి పట్టుకుని కట్టెతో ఉండ కట్టకుండా గెలుకుతుంది. తడి చేత్తో ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి, అందులో నెయ్యి వేసి పళ్లెంలో పెడుతుంది. పక్కన నాటుకోడి పులుసు, శెనక్కాయ ఊరిబిండి (వేరుశెనగల పచ్చడి) ఉంటాయి. సంగటిని నమలకూడదని పిల్లలకు ముందే చెప్పి తీసుకురా; చిన్న ముద్ద తుంచి పులుసులో అద్ది మింగెయ్యాలి. చెల్లెమ్మ మాంసం తినదు కాబట్టి ఆమెకు అనపగింజల పులుసు చెప్పి ఉంచుతాను. చలికాలంలోనే దొరికే పచ్చి అనపకాయలు అవి, ఆ విషయంలో మాత్రం నువ్వు మంచి రోజుల్లోనే వస్తున్నావు.

ఒక సంగతి మరచిపోవద్దు. శనివారం వెంకటేశ్వరస్వామి వారమని మా వైపు నీచు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ రోజు చిన్న మెస్సుల్లో కోడి కోయకపోవచ్చు. ఆదివారం జమ్మలమడుగు చేరేటట్లు చూసుకుంటే కోడితోపాటు పొట్టేలు తలకాయ కూర కూడా దొరుకుతుంది.

గండికోట దగ్గర రాత్రి తిండికి పెద్దగా దారి లేదు. పర్యాటక శాఖ వారి హరిత హోటల్లో దిగుతావు కాబట్టి, గదిలోకి వెళ్లేముందే ఎంతమంది తింటారో చెప్పి పెన్న లోయ చూడడానికి వెళ్లు.

మరునాడు ఉదయం మా ప్రొద్దుటూరులో కారం దోశ. మా ఇంట్లో టిఫిను చేయలేదని మా ఆవిడను తప్పుపట్టవద్దు, ఆమే వద్దన్నది. ఎండుమిరప, వెల్లుల్లి, ఉల్లిపాయ కలిపి నూరిన ఎర్రకారాన్ని పెనం మీద దోశకు గరిటె వెనకతట్టుతో రుద్ది, పప్పుల పొడి చల్లి, వెన్న వేసి కాలుస్తారు. నంజుకోవడానికి శనగపిండితో చేసిన బొంబాయి చట్నీ అడుగు. నీ కోస్తా నాలుక సాంబారు కోసం వెతుకుతుందని నాకు తెలుసు, దయచేసి అక్కడ నా పరువు తీయవద్దు. పిల్లలకు కారం తగ్గించమని చెప్పవచ్చు, కాని తగ్గించిన కారం కూడా మీ ఇంటి కారంకన్నా ఎక్కువే ఉంటుంది.

కడపకు సాయంత్రం చేరడం మేలు. అమీన్ పీర్ దర్గా చూసుకున్న తర్వాత, ఆ ఊరి ముస్లిం వంటవారు చేసే బిర్యానీని దాల్చా అనే పప్పు పులుసుతో తిను. హైదరాబాదు బిర్యానీతో పోల్చకుండా తినగలిగితే నీకు నచ్చుతుంది. పొద్దున్నే లేవగలిగితే అక్కడ పాయా, అంటే మేక కాళ్ల పులుసు, కూడా మంచిది, కానీ నువ్వు లేవవు.

ఇక నువ్వు చేయవలసిందల్లా ఒక్కటే. బనగానపల్లె దాటగానే నాకు ఫోను చెయ్యి. ఆ మెస్సులో నాటుకోడి చెప్పినవాళ్లకే వండుతారు, అది ఉడకడానికి గంటన్నర పడుతుంది. ఎంతమంది వస్తున్నారో, వాళ్లలో ఎంతమంది రెండో ముద్ద అడుగుతారో కూడా చెప్పు.

నీ
సుబ్బరాయుడు